రోడ్డు మీద బండి ఊగుతూ పోతుంటే పోలీసులకు చెప్పాలా, వద్దా?

నకిరేకల్ వాసి:
మొన్న రాత్రి నార్కట్‌పల్లి దాటాక మా ముందు ఒక డీసీఎం. ఒకసారి డివైడర్‌ను రాసుకునేంత దగ్గరికి, ఇంకోసారి ఎడమ పక్క మట్టిలోకి. పట్టా తాడు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుపోతోంది. 112కు ఫోన్ చేద్దామని మా ఆవిడ అంది. తాగాడో లేదో తెలియకుండా ఒకరి పొట్ట కొట్టడం ఎందుకని నేనే ఆపాను. ఇంటికొచ్చినా నిద్ర పట్టలేదు. మీరైతే ఏం చేసేవారు?

మిర్యాలగూడ ఆటో:
మీరు చేసిందే కరెక్ట్ అన్నా. పోయిన ఏడాది నా మీద ఎవరో ఇట్లాగే చెప్పారు. ఆపి ఊదించారు, సున్నా వచ్చింది. ఆలోపు ఆటోలో ఉన్న ముగ్గురూ దిగి వేరే బండెక్కారు. ఆ కిరాయి ఎవరిస్తారు? నిద్ర ముంచుకొచ్చినా, షుగర్ పడిపోయినా బండి ఊగుతుంది. అందరికీ తాగుబోతు ముద్రేనా?

జడ్చర్ల టీచరమ్మ:
తమ్ముడూ, నీ కిరాయి పోవడం అన్యాయమే. కానీ నిద్రమత్తులో ఉన్నవాడినీ, షుగర్ పడిపోయినవాడినీ కూడా ఆపాల్సిందే కదా? అందుకే ఫోన్‌లో "తాగాడు" అనే మాట వద్దు. కళ్లతో చూసింది చెప్పాలి: ఏ బండి, ఏ రంగు, నంబరు, ఎటు పోతోంది, చివరగా దాటిన ఊరో కిలోమీటరు రాయో. తాగాడా లేదా అన్నది పరీక్షలో తేలుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మన అనుమానం ఒక్కదానితో ఎవరికీ శిక్ష పడదు.

నకిరేకల్ అన్నా, ఆ దారిలో ముందు కొర్లపహాడ్ టోల్‌గేట్ ఉంది. అక్కడ ఏ బండైనా నెమ్మదించాల్సిందే. వెంటపడొద్దు, అడ్డం పెట్టొద్దు. దూరం ఉంచి, పక్కనున్నవాళ్లతో ఫోన్ చేయించండి. ఒక్కరే ఉంటే బండి పక్కకు ఆపాకే.

మా చిన్నాన్న 44వ హైవే మీద ఇట్లాంటి లారీ కిందే పోయాడు. వెనక కారువాళ్లు, "చాలాసేపటి నుంచి చూస్తూనే ఉన్నాం" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మిర్యాలగూడ ఆటో:
హైవే సంగతి ఒప్పుకుంటా మేడం. ఊళ్లో మాత్రం కష్టం. ఎవరు చెప్పారో తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది. పాత పగలు తీర్చుకునేవాళ్లూ ఉంటారు. పెళ్లిలో తాగి మా బామ్మర్ది బండెక్కబోతే తాళంచెవి నేనే గుంజుకున్నా, పోలీసులను పిలవలేదు.

నకిరేకల్ వాసి:
మంచి పని చేశావు తమ్ముడూ. కానీ తాళంచెవి గుంజుకోవడానికి ఆ డీసీఎం డ్రైవర్ నాకు చుట్టం కాదు. మా ఆవిడ చేతిలో ఫోన్ అప్పటికే ఉంది.