సొంతగడ్డ మీదే రాణించే పేసర్‌కి టెస్టు జట్టులో చోటుండాలా?

కావలి కుర్రాడు:
నెట్స్ అయ్యాక మావాళ్ల మధ్య పెద్ద వాదనే నడిచింది. ఉమేశ్ యాదవ్ లాంటి బౌలర్ గురించి. మొదటి ముగ్గురు పేసర్లలో పేరుండదు, కానీ మన దేశంలో టెస్టుకి దింపితే వికెట్లు తీస్తాడు. అలాంటివాణ్ణి ఏళ్ల తరబడి జట్టుతో ఉంచుకోవడం సరైన పనేనా? సగం మంది ఆ చోటు కుర్రాళ్లకి ఇవ్వాలన్నారు. నేనూ ఫాస్ట్ బౌలింగే వేస్తాను కాబట్టి నాకిది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మీరేమంటారు?

ఒంగోలు అభిమాని:
ఉంచుకోకూడదనే నా మాట. ఉమేశ్ 57 టెస్టుల్లో 170 వికెట్లు తీస్తే, అందులో వందకి పైగా ఇక్కడివే. ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగుల సగటు ఇక్కడ 25 చుట్టుపక్కల, బయట 35 దాటిపోయింది. 2018లో పెర్త్‌లో స్పిన్నర్ లేకుండా నలుగురు పేసర్లతో దిగాం. ఉమేశ్‌కి వచ్చింది రెండు వికెట్లు, మనం ఓడింది 146 పరుగులతో. ఇక్కడి పిచ్‌ల మీద పని ఎటూ స్పిన్నర్లే చూసుకుంటారు. రెండో పేసర్ వేసేది ఎన్ని ఓవర్లని? ఆ ఓవర్లేవో రేపు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లాల్సిన కుర్రాడికిస్తే పనికొస్తాయి. ఆకాశ్ దీప్ 2024 ఫిబ్రవరిలో రాంచీలో మొదటి టెస్టు ఆడాడు. మరుసటి ఏడాది జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో పది వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. చోటు ఇలాంటివాళ్లకి దక్కాలి.

నెల్లూరు నుంచి:
అన్నా, ఓవర్లు తక్కువేనని ఒప్పుకుంటా. అవి ఎప్పుడు వేయాల్సిన ఓవర్లో కూడా చూడాలి కదా.

2018 అక్టోబర్, హైదరాబాద్, వెస్టిండీస్‌తో టెస్టు. శార్దూల్ ఠాకూర్‌కి అదే మొదటి టెస్టు, పది బంతులు వేసి గాయంతో వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి పేస్ భారం మొత్తం ఒక్క ఉమేశ్ మీదే పడింది. మొదటి ఇన్నింగ్స్‌లో 88 పరుగులకి 6 వికెట్లు, రెండో దాంట్లో 45కి 4. సొంతగడ్డ మీద ఒకే టెస్టులో పది వికెట్లు తీసిన మన పేసర్లలో కపిల్ దేవ్, శ్రీనాథ్ తర్వాత మూడోవాడు. పక్క ఎండ్‌లో తోడు పేసర్ లేకుండా ఉప్పల్ ఎండలో ఆ పని చేయడం అందరివల్లా అయ్యేది కాదు.

2019లో బుమ్రాకి వెన్ను గాయమైతే దక్షిణాఫ్రికా సిరీస్‌కి ఉమేశ్‌ని పిలిచారు. వైజాగ్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టి పుణేలో ఆడించారు. రెండు ఇన్నింగ్స్‌లలోనూ మూడేసి వికెట్లు.

2023 మార్చిలో ఇండోర్. వారం కిందటే ఉమేశ్ తండ్రి చనిపోయారు. ఆస్ట్రేలియా నాలుగు వికెట్లకి 186 మీద ఉంది. అశ్విన్ ఒక వికెట్ తీయగానే ఉమేశ్ అందుకుని గ్రీన్‌ని ఎల్‌బీ చేశాడు, స్టార్క్ ఆఫ్ స్టంప్‌ని పల్టీలు కొట్టించాడు, మర్ఫీని కూడా బౌల్డ్ చేశాడు. 12 పరుగులిచ్చి మూడు వికెట్లు. 197కే ఆలౌట్. సొంతగడ్డ మీద వందో టెస్టు వికెట్ కూడా ఆ స్పెల్‌లోనే వచ్చింది.

దీన్ని అదృష్టం అనకండి. మన దేశంలో టెస్టులకి వాడే ఎస్‌జీ బంతి కుట్టు ఎత్తుగా ఉంటుంది. పిచ్ పొడిగా, గరుకుగా ఉంటే పాతిక ముప్పై ఓవర్లకే ఒక వైపు గీరుకుపోతుంది. రెండో వైపు మెరుగు పోకుండా చూసుకుంటే రివర్స్ అవుతుంది, అంటే మామూలుగా తిరిగే వైపుకి కాకుండా ఎదురు వైపుకి స్వింగ్ అవుతుంది. ఎండాకాలం గడ్డి లేని మన గ్రౌండ్లలో లెదర్ బాల్‌తో ఆడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఆ బంతిని గంటకి 140 కిలోమీటర్ల వేగంతో, ఫుల్ లెంగ్త్‌లో (బ్యాటర్ కాళ్లకి దగ్గరగా పడేలా), స్టంప్స్ మీదికి వేయాలి. బౌన్స్ తక్కువ కాబట్టి బ్యాట్ కాస్త ఆలస్యమైతే ఎల్‌బీ, లేకపోతే బౌల్డ్. ఇంగ్లండ్‌లో కావాల్సింది వేరు, పొద్దంతా ఒకే లెంగ్త్ మీద నిలకడ. ఆస్ట్రేలియాలో కూకబుర్రా బంతి కుట్టు త్వరగా అణిగిపోతుంది. ఒక చోట నేర్పు ఇంకో చోట పనిచేయలేదని మొదటిదాన్ని కొట్టిపారేస్తే ఎట్లా? అశ్విన్‌ని విదేశాల్లో ఎన్నిసార్లు పక్కన పెట్టలేదు? ఆయన్ని మాత్రం ఎవరూ చిన్నచూపు చూడరు.

ఒంగోలు అభిమాని:
ఇండోర్‌లో చివరికి మనమే ఓడాం, తొమ్మిది వికెట్ల తేడాతో. హైదరాబాద్‌కి వచ్చిన వెస్టిండీస్ బలమైన జట్టేమీ కాదు. ఇక రివర్స్ స్వింగ్ ఉమేశ్ ఒక్కడి సొత్తా? 2019లో మన వైజాగ్‌లోనే షమీ రెండో ఇన్నింగ్స్‌లో 35 పరుగులకి ఐదుగుర్ని ఔట్ చేశాడు, అందులో నలుగురు బౌల్డ్. అదే గ్రౌండులో 2024లో బుమ్రా 45కి 6 తీశాడు. పోప్ స్టంప్స్ లేపేసిన యార్కర్ ఎవరు మర్చిపోతారు? అసలైన బౌలర్ ఎక్కడైనా వేస్తాడు. రెండో శ్రేణివాడి కోసం చోటు అట్టిపెట్టడం నాకు నచ్చదు.

సింగరాయకొండ కోచ్:
జిల్లా స్థాయిలో పిల్లలకి బౌలింగ్ నేర్పిస్తుంటాను కాబట్టి నాకు కనిపించేది చెబుతా. ఈ రిజర్వ్ బౌలర్ పనిలో కష్టమంతా కూర్చోవడంలో ఉంది. ఫాస్ట్ బౌలర్ లయ మ్యాచ్ ఓవర్లతోనే వస్తుంది, నెట్స్‌లో ఎన్ని వేసినా అది రాదు. వారాల తరబడి డ్రింక్స్ మోసి, పొద్దున లేవగానే ‘ఇవాళ నువ్వు ఆడుతున్నావ్’ అంటే రనప్పే కుదరదు. ఉమేశ్‌ని మెచ్చుకోవాల్సింది అందుకే. 2020 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో పిక్క పట్టేసి వెళ్లినవాడు మళ్లీ టెస్టు ఆడింది 2021 సెప్టెంబర్‌లో, ఓవల్‌లో. అక్కడ రూట్‌ని బౌల్డ్ చేశాడు, మ్యాచ్‌లో ఆరు వికెట్లు తీశాడు, మనం గెలిచాం. అది విదేశీ గడ్డే కదా ఒంగోలు తమ్ముడూ.

ఒంగోలు శర్మా కాలేజీ గ్రౌండులో రంజీ మ్యాచ్ జరిగితే మా పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తాను. బ్యాటర్లని కాదు, రెండో కొత్త బంతి రాకముందు పాత బంతితో చెమటోడ్చే పేసర్ని చూడమంటాను.

ఒంగోలు అభిమాని:
ఓవల్ మాట నిజమే కోచ్ గారూ. కానీ అది ఒక్క మ్యాచ్. ఆకాశ్ దీప్ సంగతికి ఎవరూ బదులివ్వలేదు.

నెల్లూరు నుంచి:
నేనిస్తాను. ఆకాశ్ దీప్ రాంచీలో ఆడింది బుమ్రాకి విశ్రాంతినిచ్చారు కాబట్టి. ఖాళీ వచ్చింది, కుర్రాణ్ణి చూశారు, మంచిదే. సిరీస్‌కి ఒక టెస్టు అలా ఇవ్వండి, నాకూ సమ్మతమే. కానీ బుమ్రా 2018 జనవరిలో కేప్‌టౌన్‌లో మొదలుపెట్టి, సొంతగడ్డ మీద మొదటి టెస్టు ఎప్పుడు ఆడాడు? 2021 ఫిబ్రవరిలో, చెన్నైలో. మూడేళ్లు ఆయన్ని విదేశాల కోసం దాచుకోగలిగామంటే, ఇక్కడ ఉమేశ్, ఇశాంత్, షమీ ఆ బరువు మోశారు కాబట్టే. ఎక్కడైనా వేసే బౌలర్ని ఎక్కడబడితే అక్కడ వాడితే వాడి వెన్ను ఎన్నాళ్లు నిలుస్తుంది? కావలి తమ్ముడూ, నువ్వు పాత బంతి సాధన మానొద్దు. సెలెక్టర్లు చేయాల్సింది కూడా ఒకటుంది. ఆడించనప్పుడు ఆ రిజర్వ్ పేసర్ని జట్టు వెంట తిప్పకుండా, రంజీకి పంపి ఓవర్లు వేయించాలి.