2 జీబీ వీపీఎస్‌లో టామ్‌క్యాట్, మైఎస్‌క్యూఎల్ రెండూ ఉంటే స్వాప్ పెట్టాలా, వద్దా?

బేగంబజార్_బ్యాకెండ్
హోల్‌సేల్ షాపు ఆర్డర్ల యాప్. జావా 17, యాప్‌ని నడిపే టామ్‌క్యాట్ 9, డేటాబేస్‌కి మైఎస్‌క్యూఎల్ 8, ముందు వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్. అన్నీ ఒకే 2 జీబీ ర్యామ్ కేవీఎం వీపీఎస్‌లో (అద్దె వర్చువల్ సర్వర్), ఉబుంటు 22.04. జావా ఆబ్జెక్టులు ఉండే హీప్ గరిష్ఠం 1024 ఎంబీ, మైఎస్‌క్యూఎల్ డేటా క్యాష్ అయిన ఇన్నోడీబీ బఫర్ పూల్ 512 ఎంబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు పేజీలు పెట్టే డిస్క్ చోటు) సున్నా. రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (టైమ్‌కి కమాండ్లు నడిపేది) మైఎస్‌క్యూఎల్ డంప్, అంటే బ్యాకప్, మొదలవుతుంది, కాసేపటికి టామ్‌క్యాట్ మాయం. టామ్‌క్యాట్ రాసే కెటలీనా లాగ్‌లో ఒక్క ఎక్సెప్షన్ లేదు. హోస్టింగ్ సపోర్ట్‌ని అడిగితే ప్లాన్ పెంచుకోమని ఒకటే పాట. స్వాప్ పెడితే ఆగుతుందా? సీనియర్లు చెప్పండి.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
వద్దు. జావా ఉన్న మెషీన్‌లో స్వాప్ పెట్టడమంటే కోరి కష్టం తెచ్చుకోవడమే. ఫుల్ జీసీ (వాడని ఆబ్జెక్టులను ఏరి మెమరీ ఖాళీ చేసే పని) వచ్చిందంటే హీప్‌లో బతికున్న ప్రతి ఆబ్జెక్ట్‌నూ తాకాలి. అందులో 300 ఎంబీ డిస్క్‌కి వెళ్లి ఉంటే, 4 కేబీ పేజీల చొప్పున అంతా వెనక్కి రావాలి. అప్పటిదాకా అన్ని థ్రెడ్లూ ఆగిపోతాయి. ఎన్‌జిన్‌ఎక్స్ 60 సెకన్లు చూసి 504 టైమౌట్ ఎర్రర్ ఇస్తుంది. ప్రాసెస్ బతికే ఉంటుంది కాబట్టి సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కూడా దాన్ని లేపదు. చస్తే 20 సెకన్లలో మళ్లీ లేస్తుంది, ఈడ్చుకుంటూ ఉంటే తెల్లారేదాకా అంతే.

మలక్‌పేట్_మెమరీ
స్వాప్ లేకుంటే ఏమైతదో గది కూడా చెప్పాలె కదా అన్నా. మెమరీ నిండినప్పుడు హీప్ లాంటి అనామక పేజీలను (డిస్క్ మీద ఫైలు లేనివి) కెర్నల్ ఎక్కడా పెట్టలేదు. దొరికేది ఫైల్ క్యాష్ ఒక్కటే. దాంట్ల మైఎస్‌క్యూఎల్ బైనరీ, జావా లైబ్రరీల కోడ్ పేజీలు కూడా ఉంటయ్. వాటిని పడేస్తది, మల్ల వెంటనే డిస్క్ నుంచి చదువుతది. ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం) దిగేదాకా ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కూడా రాదు. స్వాప్ లేకపోతే ఈడ్చుడు ఉండదని ఎవరు చెప్పిన్రు? 1 జీబీ స్వాప్ ఫైలు, స్వాపీనెస్ 10, అయిపాయె.

కంటోన్మెంట్_క్రాన్
ఫాలో అవుతున్నా. నాదీ ఇదే సెటప్.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
స్వాపీనెస్ 10 పెట్టినంత మాత్రాన స్వాప్ ఆగదు. అది శాతమూ కాదు, మెమరీ ఇంత నిండాక మొదలుపెట్టు అనే గీతా కాదు. అనామక పేజీలు, ఫైల్ పేజీల మధ్య కెర్నల్ ఎటు మొగ్గాలో చెప్పే బరువు అంతే. డీఫాల్ట్ 60. ఒత్తిడి పెరిగితే 10 లోనూ హీప్ పోతుంది. ముందు లెక్క చూడండి: 1024 హీప్, పైన టామ్‌క్యాట్ 200 థ్రెడ్లకు తలా 1 ఎంబీ స్టాక్, అంటే ఇంకో 200 ఎంబీ...

మలక్‌పేట్_మెమరీ
ఆగు ఆగు. 1 ఎంబీ అనేది రిజర్వ్ చేసిన అడ్రస్ స్పేస్, ర్యామ్ కాదు. తాకిన పేజీలే ర్యామ్‌ల లెక్క. 200 థ్రెడ్లకు 200 ఎంబీ అని అమీర్‌పేట నోట్సుల రాసుకున్నవా?

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
నోట్సు సంగతి వదిలేయండి. స్టాక్ తక్కువే తీసుకుందనుకుందాం. క్లాసుల వివరాలు ఉండే మెటాస్పేస్ ఉంది, దానికి డీఫాల్ట్ పరిమితే లేదు. కంపైల్ అయిన కోడ్ ఉండే కోడ్ క్యాష్ 240 ఎంబీ వరకు పెరగొచ్చు. జీసీ సొంత పట్టికలు, జీలిబ్‌సీ అరీనాలు (సీ లైబ్రరీ మెమరీ పంచే ముక్కలు) వేరే. 1024 హీప్ ఇచ్చిన జావా ఆర్‌ఎస్‌ఎస్ (నిజంగా ర్యామ్‌లో ఉన్నది) 1300 దాటితే ఆశ్చర్యం ఏముంది? కావాలంటే నేటివ్ మెమరీ ట్రాకింగ్ సమ్మరీ మోడ్‌లో ఆన్ చేసి జేకమాండ్‌తో చూసుకోవచ్చు. 512 బఫర్ పూల్ ఉన్న మైఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ స్కీమాతో (పనితీరు లెక్కలు రాసుకునేది) కలిపి 700 పైనే తింటుంది. ఉన్నది 1.9 జీబీ.

శ్రావణి_లాగ్స్
ఇద్దరూ అసలు ప్రశ్న చూడట్లేదు. ఎక్సెప్షన్ ఎందుకు లేదంటే, జావా తనంతట తాను విసిరే ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ వేరు, కెర్నల్ సిగ్నల్ 9 తో చంపడం వేరు. రెండోదానిలో జేవీఎంకు ఒక్క వరుస రాసే అవకాశం కూడా ఉండదు. కెర్నల్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ హైఫన్ కే కొట్టి ‘ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్’ అని ఉందేమో వెతకండి. దాని పైనే అప్పటి ప్రాసెస్‌ల పట్టిక ఉంటుంది, ఆర్‌ఎస్‌ఎస్ అంకెలు పేజీల్లో ఉంటాయి, 4 తో గుణిస్తే కేబీ. ఇంకోటి, ఆ క్రాన్ లైను ఇక్కడ పెట్టండి. పగలంతా బాగుండి 2 గంటలకే పోతోందంటే అనుమానం డంప్ మీదే.

బేగంబజార్_బ్యాకెండ్
లాగ్‌లో జావా పేరే ఉంది మేడమ్. డంప్ కమాండ్‌లో ‘స్కిప్ ఆప్ట్’ అని ఉంది, పాత స్క్రిప్టు నుంచి కాపీ చేసింది. ఆర్డర్ల టేబుల్ 450 ఎంబీ.

శ్రావణి_లాగ్స్
దొరికింది. స్కిప్ ఆప్ట్ పెడితే దాంతో పాటు ‘క్విక్’ కూడా పోతుంది. అప్పుడు డంప్ ప్రోగ్రాం వరుసలు వచ్చినవి వచ్చినట్టు రాయకుండా, టేబుల్ మొత్తం తన మెమరీలో పోగేసుకుని తర్వాత రాస్తుంది. మెమరీ తిన్నది డంప్, ప్రాణం పోయింది జావాది. కిల్లర్ చూసేది అప్పటికి ఎవరు లావుగా ఉన్నారనే, చివర్లో ఎవరు అడిగారని కాదు. స్కిప్ ఆప్ట్ తీసేసి సింగిల్ ట్రాన్సాక్షన్ పెట్టండి.

మలక్‌పేట్_మెమరీ
గా 450 ఎంబీ స్వాప్‌ల పడ్డా షాపు నడుస్తుండె కదా! నేను మొదటి నుంచి గదే చెప్తున్న.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
పడేది డంప్ బఫరే అని మీకెవరు చెప్పారు? రాత్రి 2 కి ఆర్డర్లు ఉండవు, అప్పటికి చల్లబడి ఉండేది జావా హీప్. కెర్నల్ ముందు దాన్నే తోస్తుంది. పొద్దున షాపు తెరిచి మొదటి ఆర్డర్ కొట్టేటప్పుడు తెలుస్తుంది.

మలక్‌పేట్_మెమరీ
మెల్లగ తెరుచుకుంటది, తెరుచుకోకుండ అయితే ఉండది. నువ్వు చస్తే లేస్తది అంటున్నవ్, సచ్చేది టామ్‌క్యాటే అని గ్యారంటీ ఏంది? రేపు మైఎస్‌క్యూఎల్ పోతే? పక్కన రెండో సర్వరు లేదు, రాత్రి చూసే మనిషి లేడు. హైటెక్ సిటీల లోడ్ బ్యాలెన్సర్ వెనక కూసొని చెప్పే మాటలు బేగంబజార్ దుకాణానికి చెప్పకు.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
సరే, సూటిగానే చెప్తా. డేటాబేస్, యాప్ రెండూ 2 జీబీలో కుక్కడమే తప్పు. డేటాబేస్‌కి ఇంకో చిన్న వీపీఎస్ తీసుకోవాలి. స్వాప్ పెట్టి ఆ సంగతి ఓనరుకు కనబడకుండా కప్పేస్తున్నారు. ఆరు నెలల తర్వాత డేటా పెరిగి పడిపోతే తిట్లు తినేది ఈ అబ్బాయే.

మలక్‌పేట్_మెమరీ
అట్ల చెప్పు! అంటే హోస్టింగోడు చెప్పిందే నువ్వూ చెప్తున్నవ్, జీసీ పేరు పెట్టి. గిది మొదటి పోస్టులనే చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు. నెల నెలా బిల్లు కట్టేది ఓనరు. ఉన్న 2 జీబీని సరిగ్గ పంచకుండ ఇంకోటి కొను అంటే ఎట్ల?

శ్రావణి_లాగ్స్
పంచడం గురించే అయితే ఇదీ చూడండి. హీప్ 640, బఫర్ పూల్ 256, పెర్ఫార్మెన్స్ స్కీమా ఆఫ్, టామ్‌క్యాట్ థ్రెడ్లు 200 నుంచి 60, కనెక్షన్ పూల్ 15, మాలాక్ అరీనా మ్యాక్స్ 2. స్వాప్ ఫైలు 1 జీబీ, పర్మిషన్ 600, బూట్ అయ్యేటప్పుడు చదివే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక వరుస, లేదంటే రీబూట్‌కి పోతుంది. టామ్‌క్యాట్ సిస్టమ్‌డీ యూనిట్‌లో (సర్వీసు సెట్టింగుల ఫైలు) మెమరీ మ్యాక్స్ 1100 ఎంబీ, మెమరీ స్వాప్ మ్యాక్స్ 0, రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్. మైఎస్‌క్యూఎల్ యూనిట్‌లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ మైనస్ 600, కిల్లర్ దాన్ని ఎంచుకునే అవకాశం తగ్గడానికి. 22.04 లో సీగ్రూప్ 2 (సర్వీసులకు పరిమితులు పెట్టే కెర్నల్ సదుపాయం) డీఫాల్ట్ కాబట్టి ఇవన్నీ పనిచేస్తాయి. హీప్ స్వాప్‌కి వెళ్లదు, మిగతావాటికి చోటు ఉంటుంది. టామ్‌క్యాట్ తన గీత దాటితే అదే చస్తుంది, మైఎస్‌క్యూఎల్ జోలికి పోదు. ఒక్కటి: టామ్‌క్యాట్‌ని స్టార్టప్ స్క్రిప్టుతో చేత్తో లేపితే ఈ పరిమితులేవీ దానికి వర్తించవు.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
టామ్‌క్యాట్‌కి స్వాప్ మ్యాక్స్ 0. అంటే జావాకి స్వాప్ వద్దన్న నా మాటే కదా.

మలక్‌పేట్_మెమరీ
మెషీన్‌కు స్వాప్ పెట్టిన్రు కదా. నువ్వు రాసింది ‘జావా ఉన్న మెషీన్‌లో’ అని. పైకి పోయి సదువుకో.

బేగంబజార్_బ్యాకెండ్
అన్నీ మార్చాను, నిన్న రాత్రి డంప్ అయిపోయింది, టామ్‌క్యాట్ బతికే ఉంది. ఫ్రీ కమాండ్‌లో స్వాప్ 90 ఎంబీ వాడినట్టు చూపిస్తోంది, వీఎంస్టాట్‌లో ఎస్‌ఐ (స్వాప్ నుంచి వచ్చేది), ఎస్‌ఓ (స్వాప్‌కి పోయేది) రెండూ సున్నా. 90 ఉండటం తప్పా?

మలక్‌పేట్_మెమరీ
తప్పేం లేదు. ఎవరూ తాకని పేజీలు పోయినయ్, తిరిగి రాలే. గంత ర్యామ్ ఫైల్ క్యాష్‌కు మిగిలింది. ఎస్‌ఐ ఆగకుండ వందలల్ల పోతుంటేనే భయపడాలె.

ఎస్సార్‌నగర్_ఎస్‌ఆర్‌ఈ
ఒక్క రాత్రి చూసి చెప్పకండి. దసరా ముందు ఆర్డర్లు పెరిగినప్పుడు ఆ ఎస్‌ఐ కాలమ్, టామ్‌క్యాట్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందో ఆ లెక్క, రెండూ ఇక్కడ పెట్టండి. రెండో వీపీఎస్ ధర అప్పుడు మాట్లాడుకుందాం.