పునాది గోతిలో దొరికిన రాయి మీద ఆకు ముద్ర ఉంది, ఇది శిలాజమేనా?

మధురవాడ నాన్న:
అందరికీ నమస్తే. మా పక్క సైటులో అపార్ట్‌మెంట్‌కి పునాదులు తవ్వుతున్నారు. ప్రొక్లెయినర్ పగలగొట్టి పోసిన రాళ్ళ గుట్టలోంచి మా గుంటడు ఒక రాయి పట్టుకొచ్చాడు, వాడు ఏడో తరగతి. అరచెయ్యంత ఉంటుంది, తుప్పు రంగు, ఒకవైపు చదునుగా చీలింది, ఆ చదును మీద నల్లగా ఫెర్న్ ఆకులాంటి ముద్ర, చిన్న చిన్న రెమ్మలతో సహా. గోటితో గీకితే మసిలా అంటుకుంది. వాళ్ళ సైన్స్ మాస్టారు చూసి డైనోసార్ల కాలం నాటి ఆకు అన్నారట, అంతే, రెండు రోజులుగా అన్నం కూడా రాయి పక్కన పెట్టుకునే తింటున్నాడు. మా అత్తగారు పసుపు రాసి దేవుడి గదిలో పెడదామంటున్నారు, మా బావమరిది అమ్మితే లక్షలొస్తాయంటున్నాడు. లక్షల సంగతి అటుంచండి, శనివారం స్కూల్లో ఎగ్జిబిషన్, వీడు అందరి ముందూ నిలబడి తప్పు చెప్తాడేమోనని నా టెన్షన్. ఫొటో పెట్టాను. ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?

రాళ్ళపిచ్చోడు:
ఫొటో చూశానండీ. ఆకు కాదు. దీన్ని డెండ్రైట్ అంటారు. రాయిలో వెంట్రుకంత పగులు ఉంటే అందులోకి నీళ్ళు దిగుతాయి, ఆ నీళ్ళలో కరిగి ఉన్న మాంగనీసు గాలి తగిలి నల్లటి ఆక్సైడుగా మారి పగులు వెంబడే కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. రెండు టైల్స్ మధ్య సిమెంటు పాలు పోసి టక్కున విడదీస్తే చెట్టు బొమ్మ పడుతుంది చూడండి, చూపుకి అలాంటిదే. భూతద్దం ఉంటే తీయండి. ఆకైతే మధ్యలో ఈనె ఉండాలి, రెమ్మలు రెండు వైపులా ఒక వరసలో రావాలి. మీ ఫొటోలో ఈనె లేదు, నాలుగైదు గుబుర్లు రాయి అంచు నుంచి లోపలికి ఎవరి దారిన వాళ్ళు పోయాయి.

ఈనె సంగతి పక్కన పెట్టినా, ఈ రాయిలో ఆకు ఉండే అవకాశమే లేదు. మీది ఖోండలైట్, కైలాసగిరి, సింహాచలం కొండల్లో విరివిగా కనిపించే రాయే. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు, కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ రకం రాయితోనే. మొదట ఇది సముద్రం అడుగున బురద. అది భూమి లోపలికి కూరుకుపోయి, సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం 900 డిగ్రీల దరిదాపు వేడిలో ఉడికి, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు నిండిన రాయి అయింది. నేల మీద తొలి మొక్కలు వచ్చింది ఎప్పుడనుకుంటున్నారు? 47 కోట్ల ఏళ్ళ క్రితం. డైనోసార్లయితే ఇంకా ఆలస్యం, 23 కోట్లు. అంటే ఈ రాయి ఉడకడం మొదలయ్యాక 50 కోట్ల ఏళ్ళ దాకా నేల మీద మొక్కే లేదు, ఇక ఆకు ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

చీపురుపల్లి మనవడు:
మా తాతగారు గరివిడి వైపు మాంగనీసు గనిలో గుమాస్తాగా చేసేవారు, చిన్నప్పుడు మా ఇంట్లో ఇలాంటి ‘ఆకు రాళ్ళు’ పేపర్లు ఎగరకుండా పెట్టుకునేవాళ్ళం. సులువైన పరీక్ష ఒకటి చెప్తాను. మెడికల్ షాపులో పుండ్లు కడగడానికి ఇచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది కదా, ఒక చుక్క ఆ నలుపు మీద వెయ్యండి, ఇంకో చుక్క నలుపు లేని చోట. నల్లది మాంగనీసు ఆక్సైడైతే సోడా పొంగినట్టు బుడగలొస్తాయి. మూల చిన్నగా చూడండి, మొత్తం తడపకండి.

పెదవాల్తేరు:
ఆకు కాదు కాదు అంటూ పిల్లాడి ఉత్సాహం చంపేస్తున్నారేటండీ. పెద్ద పెద్ద సైంటిస్టులే బోర్లా పడ్డారు, వాడి మాస్టారి లెక్కెంత. భోపాల్ దగ్గర భీంబేట్కా గుహ గోడ మీద డికిన్సోనియా ముద్ర ఉందని 2021లో పేపరు రాశారు, అది 55 కోట్ల ఏళ్ళ నాటి మెత్తటి జీవి, మన దేశంలో దొరకడం అదే మొదటిసారని ఒకటే హడావిడి. తర్వాత వేరే టీమ్ వెళ్ళి చూస్తే ఆ ముద్ర రాయి నుంచి ఊడిపోతోంది! తీరా చూస్తే పాడైపోయిన తేనెపట్టు మరక. 2023లో ఆ పేపరూ వచ్చింది, మొదట రాసినాయన కూడా ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది, మన ఆఫీసుల్లో చూస్తామా. మీవాడిని ఈ కథ చెప్పమనండి, చాలు.

మధురవాడ నాన్న:
పెరాక్సైడ్ వేశాం. నలుపు మీద బుస్సుమని పొంగింది, పక్కన వేసిన చుక్క అలాగే నిలబడింది. వాడు కాసేపు మొహం ముడుచుకున్నాడు గానీ ఇప్పుడు కనపడ్డ ప్రతి రాయి మీదా పోస్తున్నాడు, సీసా అయిపోవచ్చింది. వాడి ప్రశ్న ఒకటుంది. రాయి బాగా పాతదైపోతే అందులో జీవుల గుర్తులు ఏమీ మిగలవా?

రాళ్ళపిచ్చోడు:
భలే అడిగాడు. పాతదవడం వల్ల కాదు, ఉడకడం వల్లే పోయాయని చెప్పండి. కడప జిల్లా వేంపల్లె రాళ్ళు మన కొండలు ఉడికిన కాలానికంటే చాలా పాతవి, 190 కోట్ల ఏళ్ళ దాకా ఉంటాయి, కానీ అంత వేడి చూడలేదు. అందుకే వాటిలో స్ట్రోమటోలైట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని, పైన మన్ను పడితే మళ్ళీ పైకి పాకి, పొర మీద పొర వేసుకున్నవి, కోసిన ఉల్లిపాయలా ఉంటాయి. ఆస్ట్రేలియాలో 348 కోట్ల ఏళ్ళవి కూడా ఉన్నాయి.

గవ్వలే చూడాలంటే అంత దూరం అక్కర్లేదు, రాజమండ్రి చుట్టుపక్కల లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిలో నత్తలు, ఆల్చిప్పలు ఉన్నాయి, డైనోసార్లు పోయిన రోజులవి, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళు. డైనోసారే కావాలని మారాం చేస్తే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూపించండి, గోదావరి లోయలో దొరికిందే.

ఇక మీ రాయి. ఎండలో అటూ ఇటూ తిప్పమనండి, తళుక్కుమనే బూడిద రంగు రేకులు ఉంటే గ్రాఫైట్ కావచ్చు, కాగితం మీద రాస్తే పెన్సిల్ గీత పడుతుంది. ఆ కార్బన్‌లో కొంతైనా ఆనాటి బురదలో బతికిన సూక్ష్మజీవులదే కావచ్చని అంటారు. నన్నడిగితే ఫెర్న్ బొమ్మ కంటే ఆ రేకే గొప్పది.

ఒక మాట, పెరాక్సైడ్ పొంగితే మాంగనీసు ఉందని మాత్రమే అర్థం. అసలు శిలాజం మీద కూడా మాంగనీసు పూత ఉండొచ్చు. రాయి ఏ రకమో తెలిసింది కాబట్టే ఇక్కడ తేల్చి చెప్పగలిగాం. అనుమానం ఉంటే యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా చూపించండి.

మధురవాడ నాన్న:
రేకులున్నాయండీ! గీత పడింది! చార్టు మీద ‘ఆకు కాని ఆకు’ అని రాసుకున్నాడు. ఒక్కటే చిక్కు, ఈలోగా మా అత్తగారు రాయికి పసుపు రాసేశారు. ఏం పెట్టి కడగాలి?

చీపురుపల్లి మనవడు:
కడక్కండి, రుద్దితే నలుపు కూడా పోతుంది. రెండు రోజులు మేడ మీద ఎండలో పెట్టండి, పసుపు దానంతటదే వెలిసిపోతుంది.