అప్‌డేట్: పాత కారు ఏసీని ఆర్‌-134ఏకు మార్పించాను

నాన్నగారి 1993 నాటి కారు ఏసీలో ఆర్‌-12 అనే పాత రకం చల్లబరిచే గ్యాస్ పూర్తిగా పోయిందని, ఆ ఏసీని ఆర్‌-134ఏ అనే కొత్త రకం గ్యాస్‌కు మార్చవచ్చునా అని గత నెలలో నేను అడిగినప్పుడు ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పని పూర్తయింది.

వరంగల్‌లో మొదట కలిసిన మెకానిక్ పాత ఆయిల్ మీదనే కొత్త గ్యాస్ నింపుతానన్నారు; అయితే ఆర్‌-12తో వాడే మినరల్ ఆయిల్ ఆర్‌-134ఏలో కలవదని, ఆ ఆయిల్ గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కు తిరిగి చేరక అది పట్టేసే ప్రమాదం ఉందని మీరు హెచ్చరించి ఉండటంతో నేను ఒప్పుకోలేదు. చివరకు హనుమకొండలో ఒక పెద్దాయన కంప్రెసర్‌ను విప్పి, పాత ఆయిల్‌ను పూర్తిగా వంపేసి, కొత్త గ్యాస్‌తో కలిసే ఎస్టర్ ఆయిల్ పోసి, తేమను పీల్చే డ్రయర్‌ను, అతుకుల దగ్గర లీకు కాకుండా ఆపే ఓ-రింగులను మార్చి, ముప్పావు గంట వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలిని లాగేసి), లీకు లేదని తేల్చుకున్న తరువాతనే గ్యాస్ ఎక్కించారు. పాత గ్యాస్ కొలత 800 గ్రాములు కాగా ఇప్పుడు 680 గ్రాములే, అంటే 85 శాతమే నింపారు.

తీవ్రమైన ఎండలో ఆర్‌-134ఏ పీడనం ఆర్‌-12 కంటే ఎక్కువగా ఉంటుంది కనుక గ్యాస్ వేడిని బయటకు వదిలే కండెన్సర్ ముందు అదనపు ఫ్యాన్ కూడా బిగింపజేశాను. మన మే నెల ఎండలకు అది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. కాజీపేట దాకా నడిపి చూశాను. బండి కదులుతున్నంతసేపు చల్లదనం చక్కగా ఉంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం కొంత తగ్గుతోంది. రేపు మరెవరైనా పొరపాటున పాత గ్యాస్ నింపకుండా, గ్యాస్ పేరు, ఆయిల్ రకం రాసిన చీటీని బానెట్ లోపల అంటించాను.