అల్ట్రావైడ్‌లో ఎక్కువ కనిపించాలి కదా, నాకు తక్కువ కనిపిస్తోందేంటి?

కొత్తమానిటర్: మామూలు 16:9 మానిటర్ నుంచి ఇంకా వెడల్పైన 21:9కి మారాను, 2560×1080. కార్ల గేమ్‌లో అదిరిపోయింది, పక్క లేన్లు కూడా కనిపిస్తున్నాయి. రోజూ ఆడే షూటింగ్ గేమ్ పెడితే మాత్రం ఎవరో వెనకనుంచి గోడ మీదకి నెట్టేసినట్టుంది. తుపాకీ సగం కిందకి దిగిపోయింది, ఎదుటివాడు దగ్గరికొస్తే తలే కనిపించట్లేదు, అరగంటకే నాకు కళ్లు తిరుగుతున్నాయి. రిజల్యూషన్ సరిగ్గానే ఉంది. మానిటర్ వెనక్కి ఇచ్చేయనా?

పిక్సెల్‌పురుగు: ఇచ్చేయకండి, దాని తప్పేం లేదు. గేమ్‌లో కెమెరా ఎంత మేర చూపిస్తుందో చెప్పే కోణాన్ని ఎఫ్‌ఓవీ అంటారు, నిలువుదీ అడ్డందీ రెండుంటాయి. మీ గేమ్ వాటిలో ఏ కోణాన్ని కదలకుండా బిగించిందో చూడాలి. నిలువు కోణాన్ని బిగిస్తే స్క్రీన్ వెడల్పయ్యే కొద్దీ పక్కల దృశ్యం పెరుగుతుంది, దాన్ని హార్ ప్లస్ అంటారు, మీ కార్ల గేమ్ ఆ రకం. అడ్డ కోణాన్ని బిగిస్తే పక్కలకి ఏమీ రాదు సరికదా పైనా కిందా కోసేస్తుంది. అది వెర్ట్ మైనస్. అడ్డం 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే 16:9లో నిలువు దాదాపు 59 వస్తుంది, మీ స్క్రీన్‌లో 46కి పడిపోతుంది. తలలు పోయింది అక్కడే. సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఓవీ మార్చే స్లైడర్ ఉందా?

షేడర్‌బాబాయ్: చాలాసార్లు ఇది కావాలని చేసింది కూడా కాదు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో కెమెరాకి ఇచ్చే ఎఫ్‌ఓవీ మామూలుగా నిలువుది, అందుకే దానంతటదే హార్ ప్లస్ అయిపోతుంది. అలాంటిదే ఇంకోటి, అన్‌రియల్ 4లో డిఫాల్ట్‌గా అడ్డాన్ని పట్టుకుంటుంది, ఎవరూ గమనించి మార్చకపోతే ఇదిగో ఇలా అవుతుంది. 2007లో బయోషాక్ గేమ్ వచ్చినప్పుడు వైడ్‌స్క్రీన్ వాళ్లకి పాత 4:3 స్క్రీన్ వాళ్లకంటే పైనా కిందా తక్కువ కనిపించి పెద్ద గొడవైంది, తర్వాత ప్యాచ్‌లో ఆప్షన్ ఇచ్చారు. వాలరెంట్ లాంటివి వేరే లెక్క, అక్కడ అందరికీ 103 డిగ్రీలే, అల్ట్రావైడ్‌లో అటూ ఇటూ నల్ల పట్టీలు. పోటీ గేమ్ కాబట్టి నాకైతే అది న్యాయమే అనిపిస్తుంది, తిట్టేవాళ్లూ ఉన్నారనుకోండి.

కొత్తమానిటర్: స్లైడర్ ఉంది బాబాయ్! 90 నుంచి 120కి లాగాను. తలలు వచ్చాయి, కానీ అంచుల్లో మనుషులు రబ్బరులా సాగిపోతున్నారు.

పిక్సెల్‌పురుగు: అంత అక్కర్లేదు. 106 పెట్టండి, పాత మానిటర్‌లో చూసిన నిలువే సరిగ్గా తిరిగొస్తుంది. (21:9 అనేది అమ్మకాల పేరు, మీది నిజానికి 64:27.) చదునైన స్క్రీన్ మీద అంత వెడల్పు చూపిస్తే అంచులు సాగక తప్పదు, కోణం పెంచే కొద్దీ అది ఎక్కువవుతుంది. ఇంకోటి, ఈ గేమ్‌లో 106 బాగుందని ఇంకో గేమ్‌లోనూ అదే కొట్టకండి, కొన్ని గేములు నిలువు అంకె అడుగుతాయి, కొన్ని 4:3 లెక్కలో అడిగి మిగతాది అవే పెంచుకుంటాయి.

కొత్తమానిటర్: 106 పెట్టి రెండు గంటలు ఆడాను, కళ్లు తిరగలేదు. తుపాకీ మాత్రం ఇంకా కిందే ఉంది.

షేడర్‌బాబాయ్: చేతులూ తుపాకీ చాలా గేముల్లో వేరే ఎఫ్‌ఓవీతో గీస్తారు, ఈ స్లైడర్ దాన్ని ముట్టుకోదు. వ్యూమోడల్ పేరుతో ఇంకో సెట్టింగ్ ఉందేమో చూడు, లేకపోతే అలవాటు పడాల్సిందే.