నాన్న పోయాక అమ్మను హన్మకొండ నుంచి హైదరాబాద్ తెచ్చుకోవడం మంచిదేనా?

కాజీపేట_కుర్రాడు:
నాన్న పోయి ఏడాది కాలేదు. అమ్మను కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాం. హన్మకొండ ఇల్లు అమ్మేద్దామని అన్నయ్య అంటున్నాడు. అమ్మ అవుననదు, కాదనదు. పొద్దున లేవగానే పాత పక్కింటావిడకు ఫోన్ చేసి "నల్లా వచ్చిందా?" అని అడుగుతుంది. మాకిక్కడ నీళ్లకు కరువు లేదు, అయినా రోజూ అదే ఫోన్. తిండి తగ్గింది. రాత్రి మూడింటికే లేచి కూర్చుంటుంది. ఇది ఊరు మారిన దిగులా, నాన్న పోయిన బాధా? వెనక్కి పంపాలా, అలవాటు పడేదాకా ఆగాలా?

ఓరుగల్లు_మాస్టారు:
వెనక్కి పంపించు బాబూ. పిల్లల దగ్గరికి పోయి ఏడాది తిరగకముందే మంచం పట్టినవాళ్లను మా కాలనీలోనే చూశాను. ఆ వయసులో కొత్త చోటు పడదు.

మంథని_అక్క:
మాస్టారూ, నేను ఒప్పుకోను. పెళ్లయిన ప్రతి ఆడపిల్లా ఊరు మారింది. మా దిగులును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అయినా నిలదొక్కుకున్నాం. ఇక ఒంటరిగా ఉండడం సంగతి. మా అత్తమ్మ ఒక్కదాన్నే ఉంటానని పట్టుబట్టింది. ఓ రాత్రి బాత్రూంలో జారిపడి, తెల్లారి పాలబ్బాయి తలుపు కొట్టేదాకా అలాగే నేల మీద ఉంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

వరంగల్_సిస్టర్:
నేను నర్సును. మీరిద్దరూ ఊరు మంచిదా చెడ్డదా అనే చూస్తున్నారు. నాకు అసలు సమస్య అది కాదనిపిస్తోంది.

1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు అమెరికా వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు, అవి పెట్టే ఒత్తిడిని బట్టి, మార్కులు వేశారు. ఇల్లు మారడానికి వేసింది 20. భర్త లేదా భార్య చనిపోవడానికి 100. ఆనాటి అమెరికా లెక్క మన ఇళ్లకు అచ్చంగా సరిపోదు గానీ, వాళ్లు పట్టుకున్న విషయం మాత్రం నిజం. మార్పులు ఒకదాని మీద ఒకటి పడితేనే మనిషి కుంగిపోయేది. తమ్ముడూ, మీ అమ్మగారి విషయంలో 100 మీద 20 పడింది. దాని మీద ఇల్లు అమ్మే మాట కూడా.

ఊరా, నాన్నా అని అడిగారు. ఆ రెండూ విడదీయలేం. హన్మకొండలో కూరగాయలు అమ్మే ఆమె కూడా గేటు దగ్గర ఆగి "సారుకు దొండకాయ ఇష్టముండె గదమ్మా" అంటుంది. ఆ మాటకు అమ్మ ఏడుస్తుంది, ఆ తర్వాత ఇంత అన్నం తింటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఆయనను చూసినవాళ్లే లేరు. ఆయన గురించి ఎవరితో మాట్లాడుతుంది? మీ ఇంట్లో మీరు కూడా, ఆమె బాధపడుతుందని, ఆ ఊసు ఎత్తడం లేదేమో. ఎత్తండి.

చోటు మారిన మూడు నెలల్లోపు దిగులు, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి, మెల్లగా సర్దుకుంటాయి. కానీ తిండి తగ్గడం, తెల్లవారుజామునే మెలకువ రావడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే డిప్రెషన్ కావచ్చు. పెద్ద వయసులో అది మతిమరుపులా, ఒళ్లు నొప్పుల్లా కూడా కనబడుతుంది. "వయసు కదా" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి, థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎందుకు బతకాలి అనే మాట ఆమె నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంటి సంగతి గట్టిగా చెబుతున్నాను, ఇప్పుడు అమ్మకండి. తిరిగి పోవడానికి చోటుందని తెలిస్తే కొత్త చోట కాలు నిలుస్తుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైల్లో దాదాపు రెండు గంటలే. నెలకోసారి తీసుకెళ్లండి, నాలుగు రోజులు ఉండనివ్వండి. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడేవాళ్లలో ఆమె ఉండాలి. ఇంకొకటి, ఏమీ అనడం లేదంటే ఒప్పుకున్నట్టు కాదు. అన్నయ్య లేనప్పుడు, ఆమె పక్కన కూర్చుని, ఎక్కడ ఉంటావమ్మా అని అడగండి. ఆమె చెప్పిందే చేయండి.

కాజీపేట_కుర్రాడు:
నిజమే సిస్టర్, నాన్న పేరు ఇంట్లో ఎవరమూ ఎత్తడం లేదు. అన్నయ్యకు లోన్ టెన్షన్ ఉంది, అందుకే అమ్మకానికి తొందరపడుతున్నాడు. ఆదివారం వస్తాడు, మాట్లాడతాను. డాక్టరుకు రేపే చూపిస్తాం.

మంథని_అక్క:
ఇల్లు ఉంచుకోండి, దానికి నేను అడ్డు చెప్పను. ఒక పోర్షన్ మంచి కుటుంబానికి కిరాయికి ఇవ్వండి, అమ్మ వెళ్లినప్పుడు పిలిస్తే పలికేవాళ్లు ఉంటారు, మీ అన్నయ్యకూ కొంత ఆసరా. రాత్రి తోడు లేకుండా మాత్రం ఆమెను అక్కడ ఉంచొద్దు. మాస్టారు ఏమన్నా సరే, ఈ మాట మీద నేను తగ్గను.