మొబైల్ హోమ్ పార్కులో ఖాళీ లాట్లు: కొత్త ఇళ్లా, పాతవా?

అందరికీ నమస్కారం. నేనూ మా బావగారూ కలిసి టెక్సాస్‌లో ఒక చిన్న మొబైల్ హోమ్ పార్కు (ఫ్యాక్టరీలో కట్టి, ట్రక్కుతో తెచ్చి పెట్టే ఇళ్ల కాలనీ) కొన్నాం. ఇళ్లు పెట్టే 42 లాట్లలో (స్థలాల్లో) 11 ఖాళీ. నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్లు ఉన్నాయి, ఇళ్లే లేవు.

కొత్త సింగిల్ వైడ్ (ఒకే ముక్కగా వచ్చే సన్నటి ఇల్లు) తెస్తే డబ్బంతా ముందే ఇరుక్కుపోతుంది. పాతది చవకే గానీ, ట్రక్కుతో లాగించడం, దిమ్మెల మీద లెవెల్ చేయడం, గాలికి కదలకుండా యాంకర్లు, స్కర్టింగ్ (ఇంటి కింది ఖాళీని చుట్టూ మూసే పలకలు), మెట్లు కలిపితే ఆ చవక మిగలడం లేదు. 1976 జూన్ 15కి ముందు కట్టినవాటికి హడ్ లేబుల్ (అమెరికా గృహనిర్మాణ శాఖ ప్రమాణాల ప్రకారం కట్టారని చెప్పే గుర్తు) ఉండదు కాబట్టి వాటి జోలికి వెళ్లం. మొన్న చూసినది బయటికి బాగుంది, లోపల బాత్రూం ఫ్లోరు మెత్తబడిపోయింది. అప్పట్నుంచి టెన్షన్.

ఇళ్లు అక్కడుండేవాళ్లకే అమ్మి, లాట్ అద్దె మాత్రం తీసుకోవాలని మా ఆలోచన. సొంతిల్లయితే ప్రేమగా చూసుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ముందు రెండు పాతవి తెచ్చి చూడమంటారా? కొనేముందు ఇంటి కిందికి దూరి ఏమేం చూడాలి?